ఇరవై రెండు నిమిషాల ఊరు

పిల్లాపాపలతో కాపురం ఉండటానికి ఒహాయో రాష్ట్రం మొత్తం మీద టిల్డన్ గ్రోవ్‌ను మించిన శివారు ఊరు లేదనీ, అక్కడి నుంచి డౌన్‌టౌన్‌కు ఉద్యోగానికి వెళ్ళి రావడం మంచినీళ్ళు తాగినంత సులువనీ మేయర్ డ్వైట్ పెల్‌హామ్ గారు జనవరి నెల కౌన్సిల్ సమావేశంలో ప్రకటించారు. హాల్లో పదకొండు మంది ఉన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ళలో ఏడుగురు ఎవరిదో కుక్క అరుపుల మీద ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు. తమ వంతు త్వరగా వస్తుందని కొట్టారు.

ఎంతసేపట్లో వెళ్ళొచ్చని వెనక వరసలోంచి ఎవరో అడిగారు. అలాంటి వివరాలు మేయర్ స్థాయి మనిషి నోటితో చెప్పకూడదు. అందుకని ఆయన అక్కడికక్కడే ప్రయాణ కాల నిర్ధారణ కమిటీ వేశారు. కమిటీకి ఒక్కడే సభ్యుడు. అతని పేరు మెర్ల్ డాబ్‌నీ.

మెర్ల్‌కు అరవై తొమ్మిదేళ్ళు. ఆ ఊళ్ళో ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపాడు. ఒక్కసారి కూడా గంటకు ముప్ఫై అయిదు మైళ్ళు దాటలేదు. మేయర్ గారు కూడా ఒకప్పుడు ఆ బస్సులో వెనక సీట్లో కూర్చుని ఆపిల్ ముక్కలు విసిరినవారే. అందుచేత మెర్ల్ ఆయన్ని సభలో మేయర్ గారూ అనేవాడు, బయట డ్వైటూ అనేవాడు. ఆయన మాత్రం ఎక్కడైనా పెద్దాయనా అనే పిలిచేవారు. ఓటు ఉన్న ముసలివాళ్ళందరినీ అలాగే పిలుస్తారు.

మెర్ల్ ఆ పదవి ఒప్పుకోవడానికి కారణం ప్రజాసేవ కాదు. అతని కూతురు జోలీన్ డౌన్‌టౌన్‌లో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఉదయం ఎనిమిదికల్లా గదిలో ఉండాలి. అయిదేళ్ళ కవల పిల్లలు. ఉన్న ఫ్లాటు ఇరుకైపోయింది. ఇల్లు కొనాలని మూడు శివారు ఊళ్ళ పేర్లు కాగితం మీద రాసుకుంది. అందులో టిల్డన్ గ్రోవ్ ఒకటి. మెర్ల్ ఇంటికి ఎదురిల్లు అమ్మకానికి ఉంది. ఆ ఇంటి మెట్ల నుంచి తన మెట్లకి నలభై ఒక్క అడుగులు. అతను నడిచి లెక్కపెట్టాడు. ఆ ఏడాది అతను చేసిన కొలతల్లో ఎవరూ వంక పెట్టనిది అదొక్కటే.

"నాన్నా, కమిటీ నువ్వే కదా. ఆ ఇళ్ళ బ్రోకరు మాట నమ్మను. నువ్వు చెప్పిన లెక్కే నమ్ముతాను," అంది జోలీన్ ఫోన్లో.

కమిటీ మొదటి పరీక్ష మంగళవారం జరిగింది. మెర్ల్ ఉదయం ఏడింటికి బయల్దేరి, ఆసుపత్రి గుమ్మం ముందు దిగేసరికి ఎనిమిదీ పన్నెండు. గంటా పన్నెండు నిమిషాలని ఒక చీటీ మీద రాసి మేయర్ గారికి ఇచ్చాడు. ఆయన చీటీని చాలాసేపు చదివారు. అంత పొడుగు చీటీ కాదు.

"పెద్దాయనా, ఇందులో ట్రాఫిక్ కూడా కలిపేశావు," అన్నారు.

"రోడ్డు మీద ఉంది కదా, కలిపాను."

"ట్రాఫిక్ మన ఊరిది కాదు. అది పై ఊళ్ళ నుంచి వస్తుంది. మనవి కాని వాటిని మన లెక్కలో ఎందుకు వేసుకోవాలి? మనకి కావలసింది ప్రయాణం."

మెర్ల్ ఆలోచించాడు. మేయర్ మాటలో ఏదో పొరపాటు ఉందని తెలుస్తోంది గాని, ఎక్కడుందో చిక్కలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లలతో వాదించినవాడికి పెద్దవాళ్ళతో వాదించడం రాదు. పైగా గంటా పన్నెండు నిమిషాలని జోలీన్‌కు చెప్పడం అతనికీ ఇష్టం లేదు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా ఆ రాత్రి దాకా చెప్పుకోలేదు.

రెండో పరీక్షకు తేదీ, వేళ మేయర్ గారే నిర్ణయించారు. ఫిబ్రవరి రెండో ఆదివారం, సాయంత్రం ఏడు. దేశమంతా చూసే ఫుట్‌బాల్ ఫైనల్, సూపర్ బౌల్ ఆట జరుగుతున్న వేళ. ఆ సమయంలో అమెరికాలో దొంగలు కూడా టీవీ ముందే ఉంటారు. మెర్ల్ కుర్రతనం నుంచి ఒక్క ఏడాది కూడా ఆ ఆట చూడటం మానలేదు. ఆ ఏడు మాత్రం వేయించిన కోడి రెక్కల పళ్ళెం మూత పెట్టి, కారెక్కాడు. పద్దెనిమిది మైళ్ళ దారిలో అతనికి మూడు ఎదురయ్యాయి. ఒక పిజ్జా కారు, ఒక జింక, చలానా రాయడానికి ఎవరూ దొరక్క కునుకు తీస్తున్న ఒక పోలీసు.

ఇరవై రెండు నిమిషాలు. ఆసుపత్రి ముందు గడియారం చూసుకున్నప్పుడు మెర్ల్‌కు సిగ్గు వేయాలి. వేయలేదు. గర్వంగా అనిపించింది. తాను మంచి డ్రైవరునని అతనికి ఎప్పటి నుంచో అనుమానం ఉంది.

రిపోర్టు టైపు చేసేటప్పుడు కౌన్సిల్ గుమాస్తా లోరెటా తేదీ ఏం వేయాలని అడిగింది. ఫారంలో తేదీకి గడి లేదని మేయర్ గారు గుర్తు చేశారు. గడి లేని చోట రాయడం నిబంధనలకు విరుద్ధం. మెర్ల్ సంతకం పెట్టాడు.

మార్చిలో హైవే పక్కన బోర్డు లేచింది. 'టిల్డన్ గ్రోవ్, కుటుంబాల ఊరు. డౌన్‌టౌన్ 22 నిమిషాలు.' కింద మెర్ల్ సంతకం, మనిషంత పొడుగున. ఉదయం పూట అక్కడ కార్లు కదలవు గనక జనం దాన్ని తీరిగ్గా చదువుకునేవారు. కొందరు రెండోసారి కూడా చదివేవారు. రాష్ట్రంలో ఇంతమంది ఇంతసేపు చదివే బోర్డు మరొకటి లేదని మేయర్ గారు పత్రికలవాళ్ళకి చెప్పారు. అందులో అబద్ధం లేదు.

ఆ తర్వాత ఒక చిక్కు వచ్చి పడింది. మంచి శివారు ఊళ్ళకు ఏటేటా ర్యాంకులు ఇచ్చే ఒక పత్రిక, ఫోటోగ్రాఫర్ని పంపుతున్నాం, పిల్లలతో ఉన్న కుటుంబాలను చూపించండి అని ఉత్తరం రాసింది. ఊళ్ళో కుటుంబాల కోసం కౌన్సిల్ చేయని పని లేదు. వాళ్ళ ప్రశాంతత చెడకూడదని అపార్టుమెంట్లు నిషేధించింది. వాళ్ళు ఇరుకున పడకూడదని అరెకరం కంటే చిన్న జాగాలో ఇల్లు కట్టకూడదంది. పార్కులో పిల్లలకి దెబ్బలు తగలకూడదని వకీలు సలహా మీద ముందు ఉయ్యాలలు, తర్వాత జారుడు బల్ల తీయించింది. ఇప్పుడు అక్కడ ఒక బెంచీ ఉంది. మూడేళ్ళుగా ఒక్క పిల్లకీ చిన్న గీత పడలేదు. ఇన్ని చేసినా ఎందుకో గాని ఊళ్ళో సగటు వయసు అరవై ఒకటి దగ్గర ఆగింది.

మేయర్ గారు ఒక డోనట్ల పెట్టె పట్టుకుని మెర్ల్ వసారాలోకి వచ్చారు. రెండు డోనట్లు తనే తిన్నారు. కాసేపు వాతావరణం గురించి మాట్లాడారు.

"కుటుంబాల ఊరని బోర్డు పెట్టాక, ఒక్క కుటుంబమైనా ఉంటే చూడటానికి బాగుంటుంది పెద్దాయనా," అన్నారు చివరికి.

"ఏం చెయ్యమంటావు డ్వైటూ, నన్ను కనమంటావా?"

"నీకు కవల మనవరాళ్ళు ఉన్నారటగా. కవలలైతే ఫోటోలో నిండుగా ఉంటారు."

అలా ఒక ఊరి భవిష్యత్తు, ఒక తాత కోరిక ఒకే ఎదురింటి మీద వచ్చి వాలాయి. శనివారం జోలీన్, ఆమె భర్త కర్టిస్, పిల్లలు ఇల్లు చూడటానికి వచ్చారు. మేయర్ గారే దగ్గరుండి తలుపులు తీసి చూపించారు. ఇల్లు బాగుంది. పెరడు బాగుంది. పిల్లలు ఇద్దరూ గుమ్మాలు దూకి తాత మెట్ల మీదికి పరుగెత్తారు, మళ్ళీ వెనక్కి పరుగెత్తారు. మెర్ల్ వాళ్ళ అడుగులు లెక్కపెడుతూ నిలబడ్డాడు.

ఉయ్యాల ఎక్కడని పిల్లల్లో ఒకతె అడిగింది. భద్రతా పథకంలో ఉందని మేయర్ గారు వంగి, ఆ పిల్ల ఎత్తుకు దిగి, సవివరంగా చెప్పారు.

జోలీన్‌కు ఇల్లు నచ్చింది. అయితే ఎక్స్‌రే తీసేవాళ్ళు పైపై మెరుగు చూసి తృప్తిపడే రకం కాదు. సంతకం పెట్టేముందు ఒక్కసారి పనిరోజున, పనివేళకి, తానే కారు నడిపి చూస్తానంది. బుధవారం అనుకున్నారు. మేయర్ గారి మొహంలో ఒక్క క్షణం రంగు మారింది. వెంటనే తేరుకుని, కౌన్సిల్ తరఫున సహాయం చేస్తామన్నారు.

బుధవారం ఏడింటికి, జోలీన్ రాత్రి పడుకున్న మెర్ల్ ఇంటి ముందు ఊరి పోలీసు కారు నిలబడి ఉంది. ఊరికి ఉన్నది ఆ ఒక్కటే. పైన లైట్లు తిరుగుతున్నాయి. జోలీన్ కారు నడుపుతోంది, పక్కన మెర్ల్, ముందు పోలీసు. ఊళ్ళో జనం దారి ఇచ్చారు. ఒకాయన టోపీ కూడా తీశాడు, ఎవరో పోయారనుకుని. మూడు నిమిషాల్లో హైవే చేరారు. మెర్ల్‌కు ఆశ పుట్టింది. అంతలో ఊరి పొలిమేర వచ్చింది. అక్కడితో తన అధికారం అయిపోతుంది గనక పోలీసు చెయ్యి ఊపి, కారు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

పొలిమేర దాటి నలభై గజాలు వెళ్ళాక కారు ఆగింది. మళ్ళీ కదలలేదు. ఆగింది సరిగ్గా బోర్డు కింద.

మెర్ల్ తన సంతకాన్ని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. డాబ్‌నీ అన్న పేరు చివర తోక అంత ఆర్భాటంగా తిప్పి ఉండక్కర్లేదనిపించింది. పది నిమిషాల్లో జోలీన్ కూడా బోర్డును రెండోసారి చదివింది.

"నాన్నా, ఆ సంతకం నీదేగా?"

"నాదే."

"ఏ రోజు నడిపావు?"

"ఆదివారం."

"ఏ ఆదివారం?"

మెర్ల్ కిటికీ అద్దం దించాడు. మళ్ళీ ఎత్తాడు. పక్క కారులో ఒకాయన గడ్డం గీసుకుంటున్నాడు. శనివారం ఎదురింటి మెట్ల మీద పిల్లలు విడిచిన రెండు జతల చిన్న బూట్లు మెర్ల్ కళ్ళముందు మెదిలాయి. అబద్ధం చెప్పడానికి ఎంత సమయం కావాలో అంతా ఉంది. ఇంకో గంట కూడా ఉంది.

"ఆట రోజున," అన్నాడు. "రెండో క్వార్టర్లో."

జోలీన్ కోప్పడితే బాగుండేది. ఆమె స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వింది. ముందు కారు అయిదడుగులు కదిలినా ఆమె కదల్లేదు, వెనకవాడు హారన్ కొట్టాడు. కళ్ళు తుడుచుకుని, "నువ్వు ఆట మానుకున్నావా నా కోసం?" అంది. ఆమె ఆ రోజు పావుగంట ఆలస్యంగా పనిలోకి వెళ్ళింది. ఆ వారంలోనే ఆసుపత్రి వెనక వీధిలో ఇంకాస్త పెద్ద ఫ్లాటు తీసుకుంది. నడిచి వెళ్తే తొమ్మిది నిమిషాలు. పిల్లలకి బస్సు అక్కర్లేదు, బడి మలుపులోనే ఉంది.

మెర్ల్ టోపీ పెట్టుకుని మేయర్ గారి ఆఫీసుకు వెళ్ళాడు. బోర్డు మీంచి తన సంతకం తీసేయమన్నాడు.

"తీయాలంటే కమిటీ సిఫారసు చేయాలి," అన్నారు మేయర్ గారు.

"కమిటీ నేనే కదా."

"కమిటీ పని దిగ్విజయంగా ముగిసింది కనక పోయిన నెలే రద్దు చేశాం. నీకు అభినందన పత్రం పంపాం, అందలేదా?"

అందింది. వంటింట్లో ఫ్రిజ్ మీద ఉంది.

జూన్‌లో ఫోటోగ్రాఫర్ వచ్చాడు. పిల్లలు దొరక్క బెంచీని ఫోటో తీసుకుని వెళ్ళాడు. టిల్డన్ గ్రోవ్‌కు రాష్ట్రంలో నాలుగో ర్యాంకు వచ్చింది. పిల్లలకు గాయాలు కాని ఊళ్ళలో అయితే మొదటిదే. మేయర్ గారు బాణసంచా కాల్పించారు. జనం తొమ్మిదింటికల్లా నిద్రపోతారు కనక ఎనిమిదిన్నరకే, వెలుతురు ఉండగానే కాల్పించారు.

మెర్ల్ ఆ వేసవంతా వసారాలో కూర్చున్నాడు. ఎదురిల్లు ఒక రిటైరైన పళ్ళ డాక్టరు కొనుక్కున్నాడు. మంచివాడు, మెట్లు దిగడు. ఆదివారాలు మెర్ల్ కవలల దగ్గరికి వెళ్ళేవాడు. ఆదివారం దారి ఎంత బాగుంటుందో అతనికి తెలుసు. సెప్టెంబరులో జోలీన్ ఫోన్ చేసి, తమ కింది అంతస్తులో ఒంటి గది ఫ్లాటు ఖాళీ అవుతోందనీ, ఇంటి యజమాని శుక్రవారం దాకా ఆపుతానన్నాడనీ చెప్పింది. మెర్ల్ ఆ మధ్యాహ్నమే తన ఇంటి ముందు అమ్మకం పలక పాతాడు.

రెండు రోజులు ఎవరూ రాలేదు. గురువారం సాయంత్రం లిండ్‌క్విస్ట్ అనే కుర్ర దంపతులు వచ్చారు. ఇద్దరికీ డౌన్‌టౌన్‌లోనే ఉద్యోగం. ఆమెకు ఏడో నెల. రెండు ఊళ్ళ మధ్య తేల్చుకోలేక ఊగుతున్నామని చెప్పారు. ఆమె వసారాలో కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపుకుంది. అతను తలుపు మీద పేరు చదివి వెనక్కి తిరిగాడు.

"హైవే మీద బోర్డు... ఆ డాబ్‌నీ మీరేనా సార్?"

"నేనే."

అతను భార్య వైపు చూశాడు. ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"మిమ్మల్నే అడగాలి అయితే. డౌన్‌టౌన్‌కి నిజంగా ఇరవై రెండు నిమిషాలేనా?"

మెర్ల్ గొంతు సవరించుకున్నాడు. ఎదుటివాళ్ళ కళ్ళలోకి ఎంత సూటిగా చూడొచ్చో అంత సూటిగా చూశాడు.

"నేనే స్వయంగా నడిపాను," అన్నాడు. తర్వాత, పొద్దున్నే ఎండ బాగా పడే వంటిల్లు చూపించడానికి వాళ్ళ ముందు నడిచాడు.