తడి ఆరకముందే రంగు వేయరాదు

యావన్మంది ప్రేక్షక మహాశయులకు ఇందుమూలముగా తెలియజేయునది: మన వీధిలోని స్కాండినేవియా నేర ధారావాహికల వీక్షక సంఘం గత ఆదివారం కూడా యథావిధిగా సమావేశమైంది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అందరూ ఎంతో ఆనందించారు.

సంఘమంటే ఆషామాషీ సంఘం కాదు. దానికి అధ్యక్షులు కళ్లద్దాల షాపు యజమాని. కింద షాపు, పైన కాపురం, కాపురం తాలూకు ముందుగదిలో సంఘం. సభ్యుల్లో ఒక పళ్ల డాక్టరు, ఒక బ్యాంకు మేనేజరు, ఇంకా మనబోటి రసజ్ఞులం నలుగురం. మన భాషలో వచ్చే సీరియళ్లంటే మనకు గిట్టదు కదా. వాటిలో అందరూ అరుచుకుంటారు, పైగా ఎందుకు అరుచుకుంటున్నారో ఇట్టే తెలిసిపోతుంది. అదే ఆ మంచుదేశాల్లో అయితే, స్వెట్టరు తొడుక్కున్న పోలీసావిడ శవం పక్కన నిలబడి సముద్రం వైపు చూస్తూ ఉండిపోతుంది. మనమూ ఆవిడతో పాటు ఉండిపోతాం. హంతకుడెవరని అడిగేవాడిని సంఘంలో చిన్నచూపు చూస్తారు.

సంఘం నియమావళి కట్టుదిట్టమైనది. బయట ఎండ మాడు పగలగొడుతున్నా సరే, కిటికీలకు దుప్పట్లు కట్టి, ఏసీ చలి బాగా పెంచి, సభ్యులు స్వెట్టర్లతో కూర్చోవాలి. కాఫీలో పాలూ చక్కెరా నిషేధం. బ్యాంకు మేనేజరు కళ్లు గట్టిగా మూసుకుని ఒక గుటక వేసి "ఆహా!" అంటాడు. మిగతాది ఎప్పుడు కుండీలో పోస్తాడో ఆయనకూ, వాడిపోయిన ఆ మొక్కకూ తెలుసు. ఎలాగూ రాని భాషే కాబట్టి, కింద మన భాషలో అక్షరాలు పడుతూనే ఉంటాయి కాబట్టి, పక్కింటివారి మేలు కోరి టీవీ గొంతు పూర్తిగా నొక్కేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. అయినా ఆ భాషలోని సంగీతం గురించి అధ్యక్షులవారు ఉపన్యసించని వారం లేదు.

ఇంతటి శ్రద్ధతో చూసినందువల్ల సభ్యులకు ఒక అపూర్వమైన విద్య అబ్బింది. చూపు తెర అడుగునుంచి పైకి లేవదు. పోయిన సీరియల్‌లో ఆ పోలీసావిడ జుట్టు ఏ రంగని ఒకసారి చర్చ వచ్చింది. పసుపన్నాడు డాక్టరు. ఆవిడ టోపీ తీయనే లేదన్నాడు మేనేజరు. ఆవిడ అసలు ఆడమనిషేనా అని అధ్యక్షులవారు గంభీరంగా సందేహించారు. ఆమె నటన మాత్రం అమోఘమని ముగ్గురూ ఒప్పుకున్నారు.

అధ్యక్షులవారికి ఈ విద్య ముదిరింది. ఎవరు మాట్లాడుతున్నా ఆయన చూపు గడ్డం దాటి కిందికి జారి, గుండీల దగ్గర ఆగి, అక్షరాల కోసం ఎదురుచూసేది. షాపుకొచ్చినవాళ్లు ఉలిక్కిపడి చొక్కా సర్దుకునేవారు. ఆయన వృత్తిధర్మం కూడా దీనికి బాగా కలిసొచ్చింది. గోడ మీది అక్షరాలు అడుగు వరసదాకా చదవగలిగినవాడి చూపు భేషుగ్గా ఉన్నట్టేనని ఆయన ఇన్నాళ్లుగా ధ్రువీకరిస్తూ వస్తున్నారు. తన చూపు గురించి ఆయనకెన్నడూ బెంగ లేదు.

ఇలా ఉండగా డాక్టరు ఎక్కడినుంచో కొత్త సీరియల్ సంపాదించాడు. వీడియో ఒకచోట దొరికింది, అక్షరాలు ఇంకోచోట దొరికాయి, రెండూ తన చేత్తోనే అతికించాడు. పన్ను కట్టినంత నేర్పుగా కట్టానని చెప్పుకున్నాడు. మొదటి దృశ్యంలోనే ఒడ్డున శవం. డిటెక్టివ్ వంగి చూశాడు. కింద అక్షరాలు పడ్డాయి: "తడి ఆరకముందే రంగు వేయరాదు."

సభ్యులందరూ కుర్చీల్లో ముందుకు జరిగారు.

తర్వాత శవం తాలూకు భార్య వెక్కివెక్కి ఏడుస్తుండగా, "అడుగున ఒక పలక మార్చాల్సి ఉంటుంది" అని పడింది. మేనేజరుకు కళ్లు చెమర్చాయి. సీరియల్ ఆపించి అధ్యక్షులవారు లేచారు. "మిత్రులారా! మనవాళ్లయితే ఇక్కడ నాలుగు పేజీల డైలాగు దంచేవారు. వీళ్లు దుఃఖాన్ని పలక అన్నారు. పశ్చాత్తాపాన్ని తడి అన్నారు. ఇలా చెప్పాలంటే ఎన్ని శతాబ్దాల చలి కావాలి?" చప్పట్లు మోగాయి. స్వెట్టరు చేతులు అరచేతులదాకా ఉండటంవల్ల చప్పుడు అంతగా రాలేదు.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న ఆయన భార్య, బళ్లో లెక్కల టీచరు, "ఏమండీ, ఆవిడ అంతలా ఏడుస్తుంటే పలకేంటండీ?" అంది. అధ్యక్షులవారు జాలిగా నవ్వారు. అన్నీ విడమరచి చెప్పే సీరియళ్లకు అలవాటుపడ్డ ప్రాణమని సభకు సర్దిచెప్పారు.

సభ ముగిశాక ఆమె ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. వేరే ఊళ్లో బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా రమ్మని పిలుపొచ్చింది. వారంలోగా ఏదో ఒకటి చెప్పాలి.

"వెళ్తే ఇక అక్కడేనండీ, సెలవులకి తప్ప రాలేను. మీరు ఉండమంటే ఉంటాను. నిజం చెప్పనా? మీరు ఉండమంటారేమో అనే అడుగుతున్నా. ఈ మధ్య ఇంట్లో మనిద్దరం మాట్లాడుకున్నదే లేదు. ఒక్క మాట అనండి చాలు."

అధ్యక్షులవారి చూపు ఆమె మెడలోని గొలుసు దగ్గర ఆగింది. అక్కడేమీ పడలేదు.  ఆయనకు వెళ్లొద్దే అని అరవాలనే అనిపించింది. కానీ అరవడం మనవాళ్ల లక్షణం. అంచేత ఆయన చాలాసేపు మౌనం పాటించి, గొంతు తగ్గించి అన్నారు:

"తడి ఆరకముందే రంగు వేయరాదు."

"అంటే?"

ఆయన జవాబివ్వక కిటికీ వైపు తిరిగి దూరంగా చూశారు. కిటికీకి దుప్పటి కట్టి ఉంది. కాబట్టి దుప్పటినే దూరంగా చూశారు. ఆమె "సరేనండీ" అని లేచి వెళ్లిపోయింది. సంభాషణ బ్రహ్మాండంగా కుదిరిందని ఆయన మురిసిపోయారు.

శనివారం ఆమె సూట్‌కేసు పట్టుకుని మెట్లు దిగింది. మధ్యలో ఆగి ఒకసారి వెనక్కి చూసింది కూడా. మెట్ల పైన నిలబడ్డ అధ్యక్షులవారు సూట్‌కేసు చక్రాలనే చూస్తూ, ఇంత సహజమైన వీడ్కోలు తెర మీద కూడా చూడలేదనుకున్నారు.

మర్నాటి సభలో డాక్టరు నీళ్లు నములుతూ నిలబడ్డాడు. "ఏమనుకోకండి, చిన్న పొరపాటు జరిగింది. ఆ అక్షరాలు ఈ సీరియల్‌వి కావట. పాత పడవలు బాగుచేసుకోవడం ఎలాగని ఒక కార్యక్రమం ఉందట, దానివి."

మేనేజరు కప్పు కింద పెట్టాడు. అధ్యక్షులవారికి అప్పుడు తెలిసొచ్చింది. పెళ్లాం ఉండనా, వెళ్లనా అని అడిగితే తాను పడవకు రంగు వేసే పద్ధతి చెప్పి పంపించాడు.

సభ మాత్రం తేరుకుంది. చర్చ వాడిగా సాగింది. పడవల మాటలే కథకు ఎక్కువ లోతు తెచ్చాయనీ, అసలు అక్షరాలు దొరికినా చూడరాదనీ, పడవల కార్యక్రమం రెండో భాగం డాక్టరు తక్షణం సంపాదించాలనీ తీర్మానం నెగ్గింది. మనమూ చెయ్యెత్తాం. అధ్యక్షులవారు అప్పటికే లోపలి గదిలోకి పోయి భార్యకు వీడియో కాల్ చేస్తున్నారు.

ఆమె ముఖం తెర మీదకు వచ్చింది. ఆయన చూపు అలవాటుగా తెర అడుగుకు జారింది.

"కింద ఏముందండీ? నా మొహంలోకి చూడండి."

ఆయన చూశారు. ఆమె కళ్ల కింద నల్లగా ఉంది. ఎన్నాళ్లనుంచి ఉందో ఆయనకు తెలియదు.

"వచ్చెయ్యవే. నాకు నువ్వు కావాలి. ఆ రోజే అనాల్సింది" అన్నారు, మనవాళ్లలాగే గట్టిగా అరిచి.

ఆమె వెంటనే ఏమీ అనలేదు. ఆమె మౌనంలో లోతు వెతకడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

"మీరు చెప్పినట్టే ఆగానండీ" అంది చివరికి. "శనివారందాకా ఆగాను. తడి ఆరిపోయింది."

సోమవారం అధ్యక్షులవారు యథావిధిగా షాపు తెరిచారు. మొదటి గిరాకీ గోడ మీది అక్షరాలన్నీ తడుముకోకుండా చదివేశాడు. అద్దాలు అవసరం లేదని రాసిచ్చి, "ఇంట్లోవాళ్ల మొహాలు కనబడుతున్నాయా?" అని అడిగారు అధ్యక్షులవారు. ఆయనకు మతి పోయిందనుకుని గిరాకీ గబగబా వెళ్లిపోయాడు.

పాఠక మహాశయులారా! తమరు కూడా అడుగు వరసదాకా తడుముకోకుండా చదువుకుంటూ వచ్చేశారు. అంచేత తమ చూపు భేషుగ్గా ఉందని ధ్రువీకరించడమైనది. ఇక తలెత్తండి. ఇందాక తమరు చదువుతుండగా పక్కనుంచి ఎవరో ఏదో అడిగారు, తమరు "ఊఁ" అన్నారు.