సీలు తెగని హీటరు

దేశంలో కరెంటును అందరికంటే ఎక్కువ ఆదా చేస్తున్న నీళ్ళ హీటరు మా తూనికల ఇన్‌స్పెక్టరు గారింట్లో ఉందని సగర్వంగా ప్రకటిస్తున్నాను. గోడకు బిగించి ఆరు వారాలైంది. ఇంతవరకు అర యూనిట్ తాగి ఎరగదు.

అంతటి రత్నాన్ని ఏరడం మాటలా? చలికి ఆయన అత్తగారి మోకాళ్ళు బిగుసుకుపోయాయి. రెండు పూటలా వేడినీళ్ళు పోసుకోమన్నాడు డాక్టరు. శుక్రవారంలోగా ఆ ఏర్పాటు జరక్కపోతే పెద్దకూతురింటికి పోతానని ఆవిడ పెట్టె సర్దుకుంది. పోతే పోయింది గానీ, పెద్దకూతురిల్లంటే తోడల్లుడి ఇల్లు. ఆ తలవంపు భరించడం ఇన్‌స్పెక్టరు గారి వల్ల కాదు.

భూతద్దం పట్టుకుని పదకొండు దుకాణాలు గాలించారు. హీటర్ల పొట్టలు తట్టి చూశారు, చుట్టుకొలతలు తీశారు. చివరికి కరెంటు ఆదాకు అయిదు నక్షత్రాల ముద్ర ఉన్నది ఇంటికి తెచ్చారు. ప్లంబరు వచ్చి గొట్టం మూతికున్న కంపెనీ సీలు మీద కత్తెర పెట్టాడు.

"చెయ్యి తియ్యి. సీలు తెంచితే నేరం. ముప్పయ్యేళ్ళుగా ఆ కేసులు రాసేది నేనే."

"తెంచకపోతే నీళ్ళెలా పోతాయి సార్?"

"అది నీళ్ళు చూసుకోవాలి."

తగు అధికారి వచ్చి, ఇద్దరు సాక్షుల ఎదుట సీలు విప్పవలసిందిగా కంపెనీకి అర్జీ వెళ్ళింది. ఈలోగా నక్షత్రాలు వృథా కాకూడదని హీటరును ముందుగదిలో సోఫా పైన బిగించారు. ఇందాక నేను డప్పు కొట్టిన ఆదా ఇదే: ప్లగ్గు పెట్టని హీటరుకు కరెంటెందుకు?

శుక్రవారం రానే వచ్చింది. అత్తగారిని తీసుకెళ్ళడానికి తోడల్లుడు ఆటోలో దిగాడు. పోయే ముందైనా తల్లి మోకాళ్ళకు కాపడం పెడదామని భార్య పొయ్యి మీద గిన్నెడు నీళ్ళు కాచింది. వచ్చినవాడికి నక్షత్రాలు మసగ్గా కనిపిస్తే పరువేం కాను? ఇన్‌స్పెక్టరు గారు ఆ గిన్నె లాక్కుని, గుడ్డ ముంచి, హీటరును తళతళలాడేలా తుడిచారు.

"నన్ను కూడా ఆ పక్కనే తగిలించండి అల్లుడుగారూ, నాకూ ఓ తడిగుడ్డ దక్కుతుంది" అంది అత్తగారు.

తోడల్లుడు నక్షత్రాలు లెక్కపెట్టాడు. మొహం మాడింది. దారిలో ఆటో ఆపించి అలాంటిదే, ఇంకాస్త పెద్దది కొన్నాడు. సీటు మీద హీటరు కూర్చుంది. అత్తగారు ఓ మూలకు ఒదిగి, పెట్టె ఒళ్ళో పెట్టుకుంది.

ఇందులో ఒక్క ముక్క నా కల్పన: అత్తగారి తడిగుడ్డ మాట. ఆవిడ నిజంగా అన్నది, "గీతలు పడతాయి, మెత్తటి గుడ్డ వాడండి" అని. తక్కినదంతా జరిగిందే. నమ్మకపోతే, కొన్ననాటి ప్లాస్టిక్ తొడుగు విప్పకుండా నొక్కుతున్న మీ టీవీ రిమోటును అడగండి.