బిల్లు రాని ఇల్లు

సొంతిల్లు కొనాలనుకునేవారు నెట్ జీరో ఇల్లే కొనాలి! మరో ఇల్లు కొనడం శుద్ధ మూర్ఖత్వం. ఇంట్లో వాడిన కరెంటు ఎంతో, ఇంటి కప్పు మీద పుట్టిన కరెంటు అంత. తీసేస్తే సున్నా. ఇంత శుభ్రమైన లెక్క ఇంకెక్కడైనా ఉందా? నమ్మకం కుదరనివారు సిరిసిల్ల ఆనందం సంగతి వినండి. విన్నాక కూడా అద్దె ఇంట్లోనే ఉంటామంటే అది మీ ఖర్మ.

ఆనందం ఎనిమిది మరమగ్గాల ఆసామి. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. ముందు గదుల్లో సాంచెలు, వెనక గదిలో ఆయనా, భార్య రుక్కమ్మా. అది 2013 ఎండాకాలం. తెలంగాణ కోసం ఊరూరా దీక్షా శిబిరాలు వెలిసిన రోజులు. పదకొండింటికి పోయిన కరెంటు నాలుగింటికి గానీ వచ్చేది కాదు. పదిహేనేళ్లుగా ఆ సాంచెలు నడుపుతున్న లచ్చయ్య ఆ అయిదు గంటలూ చౌరస్తాలోని శిబిరంలో కూర్చునేవాడు. ఉద్యమానికి ఉద్యమం, నీడకు నీడ.

అలాంటి సమయంలో వచ్చాడు జలపతి. కోరుట్లలో కొత్తగా వెలిసిన ఓ ఇళ్ల కంపెనీకి ఏజెంటు. చేతిలో నున్నటి రంగుల కాగితం. దాని మీద తంగళ్ళపల్లి దాటాక కట్టిన తెల్లటి ఇల్లు, దాని నెత్తిన నల్లటి సోలార్ ప్లేట్లు, గుమ్మంలో నవ్వుతూ ఓ కుటుంబం. ఆ కుటుంబం మన జిల్లాది కాదని చూడగానే తెలిసిపోతుంది. ఒక్కరికీ చెమట లేదు!

“ఎండ ఎంత కొడ్తే గంత కరెంటు అన్నా! నువ్వు వాడంగ మిగిలింది లైనుకు పోతది. సర్కారే నీ దగ్గర కరెంటు అడుక్కుంటది!” అన్నాడు జలపతి.

“సాంచెలు నడుస్తయా?”

“ఎనిమిది నడవయ్ గని, నాలుగు మంచిగ నడుస్తయ్. ఎనక షెడ్డు గూడ ఏసిస్తం.”

“మరి కరెంటు పోతె?”

జలపతి ఆయన్ని జాలిగా చూశాడు. “నీ నెత్తి మీదనే కరెంటు పుడ్తుంటె, పోయేదేంది అన్నా?”

ఇంత గట్టి తర్కానికి ఎవరు మాత్రం ఎదురు చెప్పగలరు? ఆనందం పాత ఇల్లూ, నాలుగు సాంచెలూ అమ్మేసి కొత్త ఇల్లు కొన్నాడు. లచ్చయ్యకు మాత్రం మనసొప్పలేదు.

“నాలుగే ఉంటె నాకు సగం పనే గదా ఆసామీ?”

“ఎనిమిది సాంచెలు సగం దినం నడిచినా, నాలుగు దినమంత నడిచినా ఒకటే లచ్చన్నా!” అన్నాడు ఆనందం.

లెక్క సరిగ్గానే ఉంది. నెట్ జీరో ఇంటి లెక్కలు ఎప్పుడూ సరిగ్గానే ఉంటాయి!

గృహప్రవేశం నాడు బంధువులంతా వచ్చారు. పూజ అయింది, భోజనాలకు కూర్చున్నారు. బయట ఎండ పెళపెళలాడుతోంది. సరిగ్గా పదకొండింటికి ఫ్యాన్లన్నీ నెమ్మదించి ఆగిపోయాయి. జనం ఫ్యాన్ల వైపు చూశారు. తర్వాత కప్పు వైపు చూశారు. ఆ తర్వాత ఆనందం వైపు చూశారు.

“ప్లేట్ల మీద అప్పడాలు కాల్చుకోవచ్చు, గంత ఎండ ఉంది. కరెంటెందుకు పోయిందయ్యా?” అంది రుక్కమ్మ.

దానికి జవాబు మరునాడు జగిత్యాల నుంచి బైకు మీద వచ్చింది. కంపెనీ ఇంజనీరు అఖిల్ చదువుకున్న పిల్లాడు. ఓపికగా చెప్పాడు.

“లైన్ల కరెంటుంటెనే మీ ప్లేట్లు పనిజేస్తయ్ అంకుల్. లైన్ బందైతే అవి గూడ బంద్. స్తంభం మీద లైన్‌మన్ ఉంటడు గదా, ఆయనకు షాక్ కొట్టొద్దని గట్ల పెడ్తరు. ఫుల్ సేఫ్టీ!”

“అంటె కరెంటున్నప్పుడే నా ఇంట్ల కరెంటుంటది?”

“కరెక్ట్ అంకుల్!”

“లేనప్పుడు ఉండాల్నంటె?”

“బ్యాటరీలు పెట్టాలె. గది వేరే స్కీం.”

పాఠక మహాశయులారా, దీన్ని లోపమనుకుంటే మీరు తొందరపడుతున్నట్టే. ఎంతటి సమానత్వమో చూడండి! ఊరంతా ఉక్కపోతలో మగ్గుతుంటే తన ఇంట్లో మాత్రం ఫ్యాను వేసుకునే స్వార్థానికి ఆ ఇంట్లో చోటే లేదు. ఇక కిటికీలంటారా, చల్లదనం బయటికి పోకూడదని అద్దాలు బిగించేశారు, తెరుచుకోవు. చల్లబరిచే ఏసీ మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి. అందుకని ఆ ఇల్లు వేడిని బయటికి పోనివ్వకుండా భద్రంగా దాచేది. రుక్కమ్మ మంచాన్ని ప్రహరీ నీడకు లాక్కుని, పగలంతా అక్కడే బియ్యం ఏరుకునేది. అంత ఖర్చు పెట్టి ఇల్లు కొని ఇంటి బయట కూర్చుంటే ఒంటికి ఎంత మంచిగాలి!

మిగిలిన కరెంటును లెక్కగట్టే ప్రత్యేక మీటరు కూడా రావాలి. అడిగితే, ఏ రాష్ట్రం పేరు మీద దరఖాస్తు రాయాలో తేలేదాకా ఆగమన్నాడు జలపతి. ఊరు ఊరంతా ఢిల్లీలో బిల్లు ఎప్పుడు పెడతారా అని టీవీలకు అతుక్కుపోయింది. బిల్లు రావాలని అందరూ కోరుకుంటుంటే, బిల్లు రాకుంటే చాలనుకున్న మనిషి ఆ చుట్టుపక్కల ఆనందం ఒక్కడే!

వెనక షెడ్డులో నాలుగు సాంచెలూ సగం దినమే నడిచాయి. సగంలో సగం పనితో లచ్చయ్య ఇల్లు నడవలేదు. దసరా వెళ్లాక ఓ పొద్దున వచ్చి, సాంచెలకు నూనె పెట్టి, దుమ్ము పడకుండా బట్ట కప్పాడు. కోరుట్ల వెళ్లి బొంబాయి బస్సెక్కాడు. అక్కణ్నుంచి భివండి, అదీ సాంచెల ఊరే. అక్కడ కరెంటు పోదట.

ఇక ఆనందానికి ఓపిక నశించింది. నిలదీద్దామని కోరుట్లలోని కంపెనీ ఆఫీసుకు వెళ్లాడు. గుమ్మం పక్కన డీజిల్ జనరేటరు డుబడుబలాడుతోంది. లోపల ఏసీ చలి. జలపతి ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు.

“నీ ఇల్లు రికార్డ్ కొట్టింది అన్నా! ప్లేట్లు ఇచ్చిన దాంట్ల నాలుగో వంతు గూడ నువ్వు వాడలే. జిల్లాలనే ఫస్ట్! నీకు సన్మానం చేస్తున్నం!”

ఫిబ్రవరిలో, ఢిల్లీలో బిల్లు పాసైన వారంలోనే ఆ సభ జరిగింది. బయట డప్పులు, పటాకులు, గులాల్. ఆనందం కూడా మనసారా గులాల్ చల్లుకుని, ఆ రంగు ముఖంతోనే వేదికెక్కాడు. శాలువా కప్పి మైకిచ్చి, నెట్ జీరో ఇంటి లాభాలు చెప్పమన్నారు.

ఆనందం మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

“ఇల్లు తెల్లగ మంచిగుంది. కరెంటు ఖర్చయితలేదు. సాంచెలు నడుస్తె గదా ఖర్చయ్యేది! నేను సున్నా అడగలే. పగటిపూట పనికి కరెంటడిగిన. ముందుగాల లైనుకు తాళమేసిండ్రు. ఎండన్న ఉంది గదా అని ఈడికొస్తే, ఎండకు గూడ తాళమేసిండ్రు. పదిహేనేండ్లు నా సాంచెలు నడిపిన మనిషి ఊరిడిసి పోయిండు. ఇగ మా ఇంట్ల అంత సున్నానే.”

జలపతి ఒక్క ఉదుటున మైకు లాక్కున్నాడు.

“విన్నరు గదా! కరెంటు ఖర్చయితలేదు, స్వయంగ ఆసామి చెప్పిండు!”

చప్పట్లు మోగాయి. కథలాపూర్ నుంచి వచ్చిన ఓ కుటుంబం అక్కడికక్కడే సంతకం పెట్టింది.

మరునాడు మధ్యాహ్నం రెండింటికి ఆనందం షెడ్డులో నిలబడి ఉండగా భివండి నుంచి ఫోనొచ్చింది. వెనక ఏదో హోరు. దాన్ని మించి అరుస్తున్నాడు లచ్చయ్య.

“ఆసామీ, అచ్చిందట గదా!”

“ఇంకా రాలే లచ్చన్నా. నాలుగింటికస్తది.”

“నేనడిగేది రాష్ట్రం ఆసామీ!”

“ఓ, రాష్ట్రమా! అచ్చింది, అచ్చింది.”

ఇద్దరూ నవ్వారు. లచ్చయ్య మరి కాసేపు తన ఊరి సంగతులడిగాడు. తను ఎప్పుడు రావాలో మాత్రం అడగలేదు. ఈలోగా అక్కడెవరో కేకేశారు. ఫోను ఏ గట్టు మీదో పెట్టి, ఆపడం మరిచి పనిలోకి పోయాడు.

ఆనందం కూడా ఫోను ఆపలేదు. చెవికి ఇంకా గట్టిగా అదుముకుని అలాగే నిలబడ్డాడు. బియ్యం చేట పట్టుకొచ్చిన రుక్కమ్మ అది చూసింది.

“గంతసేపటి సంది ఎవలతోని మాట్లాడుతున్నవ్?”

“ఎవలతోని లేదు,” అన్నాడు ఆనందం. “సాంచె నడుస్తుంది. ఇంటున్న.”