లొల్లికి పట్టా

ఆ శనివారం పొద్దున జకర్యా మాస్టారి ధ్యాసంతా ఒక్కదాని మీదే. రేడియో నుంచి రామ్‌చందర్ సారు టేపురికార్డరు పట్టుకుని వస్తాడు. "లొల్లి" అనే మాట ఎలా పుట్టిందో మాస్టారు మైకులో చెబుతాడు. పాల్వంచ నుంచి భద్రాచలం దాకా తన గొంతు వినబడుతుంది! లాలి పాడినా పడుకోని పిల్ల చేసేదే లొల్లి అని ఆయన సిద్ధాంతం. అద్దం ముందు చెప్పుకుని చెప్పుకుని గొంతు బొంగురుపోయింది కూడా.

భార్య జోజమ్మ నోట్లో మాట ఆగదు. పాలు పోయడానికొచ్చిన తండా కమ్లితో అనేసింది. "ఇయ్యాల సారొస్తుండు. లొల్లి ఎవరిదో తేలుస్తడట!"

అడవి అంచున పోడు చేసుకుని బతికే తండాలో సర్కారు మనిషి వచ్చి 'ఎవరిదో తేల్చడం' అంటే ఒకటే, పట్టా. ఇంకేముంది! సారు మైకు బయటికి తీసేసరికి తండా నాయక్ హాతీరాం సాక్షులతో సహా మాస్టారి వాకిట్లో దిగాడు.

"లొల్లి మాదే సారూ! మా ముత్తాత ఉప్పు బస్తాతోని ఎద్దు మీద ఏసుకొచ్చిండు. అప్పటిసంది మా అనుభవంలనే ఉన్నది."

"గట్లెట్ల?" కబురు విని పరిగెత్తుకొచ్చిన పక్క ఊరి రైతు దూలయ్య అడ్డం తిరిగాడు. "చేన్ల పిట్టల్ని తోలనీకి మా తాత పెట్టిన కేక గది. ఇయ్యం!"

"అయితే పంచుకుందాం," హాతీరాం రాజీకొచ్చాడు. "పెండ్లిల డప్పుల లొల్లి మాకు, నీళ్లకాడ తగాదా లొల్లి మీకు."

"మరి పోరగాళ్లు మారాం చేసే లొల్లి?"

"అది ఉమ్మడి!"

రామ్‌చందర్ సంబరంగా మైకు అటూ ఇటూ తిప్పుతున్నాడు. "సారూ, నా ఉపన్యాసం..." అని మాస్టారు గొణిగితే వినే నాథుడేడి? ఇంతలో జోజమ్మ చాయ్ కెటిల్ తెచ్చింది. అందరూ చాప పరుచుకుని కూర్చున్నారు. మాస్టారికి ఒళ్లు మండిపోయింది.

"ఓ జోజమ్మా! ఒక్కనికి గూడ చాయ్ పొయ్యకు! పోస్తే పొద్దుమూకిందాక పోరు!"

అంతే, టేపు అయిపోయింది. పట్టాలేమీ లేవని సారు నెమ్మదిగా చెప్పాడు. హాతీరాం నవ్వేశాడు. "పాయె తియ్యి సారూ. మేం చెప్పింది మొత్తం విన్న సర్కారోడివి నువ్వొక్కనివే."

మరుసటి వారం రేడియో వినడానికి తండా, ఊరూ మాస్టారి వాకిట్లోనే చేరాయి. కార్యక్రమం నిండా హాతీరాం, దూలయ్యలే. జనం ఈలలు, చప్పట్లు! మాస్టారి ముఖం వాడిపోయింది. జోజమ్మ అందరికీ చాయ్ పోస్తుండగా రేడియోలో చిట్టచివర ఆయన గొంతు ఖంగున పలికింది: "ఒక్కనికి గూడ చాయ్ పొయ్యకు!"

గొంతు మాత్రం గంట కొట్టినట్టు వచ్చిందని, గ్లాసు ముందుకు చాపుతూ హాతీరాం మెచ్చుకున్నాడు.