అద్దాల పొలంలో మట్టిదిబ్బ సాగు

వ్యవసాయానికి పంట ఎందుకండీ? పంట వేస్తే పురుగు పడుతుంది, వాన ముంచుతుంది, ధర పడిపోతుంది. హాయిగా సబ్సిడీ వేసుకుంటే ఏ చీడా పట్టదు! ఈ జ్ఞానోదయం చైనా మొత్తానికీ మా హెనాన్ పల్లెలోనే ముందు కలిగిందని మా గట్టి నమ్మకం.

ఊరి పొలాలన్నీ కలిపి ఒక కంపెనీకి కౌలుకిచ్చారు. గోధుమ చేలు చదునై, సర్కారు సబ్సిడీ మొదటి విడతతో స్టేడియమంత గ్లాస్‌హౌస్ లేచింది. లోపల సెన్సార్లు, కెమెరాలు, గాలినీ తేమనీ కొలిచే మిషన్లు. లేనిదల్లా మొక్క. అదొక లోపమా? గేటుకి మొహం చూపిస్తేనే తెరుచుకుంటుంది. మా ఊరి రైతుల్లో ఒక్కడి మొహమూ దానికి తెలీదు. ఎండలో నడుం వంచే బాధ తప్పించినందుకు కంపెనీకి దండం పెట్టొద్దూ?

బ్యాన్ యూలాన్ మాత్రం పెట్టలేదు. ఆవిడ మొగుడు లోపలున్నాడు మరి! ఎప్పుడో పోతే సొంత చేలోనే పాతిపెట్టుకున్న మనిషి. ఇప్పుడాయనకి చలికాలం వెచ్చన, ఎండాకాలం చల్లన. మా ఊళ్ళో బతికున్న ఏ ముసలాడికి దక్కింది ఆ భోగం? అయినా యూలాన్‌కి బెంగే. ఆ సమాధి ప్రాజెక్టు ప్లానులో లేదట, తవ్వి ఊరవతలకి మారుస్తారట.

చింగ్‌మింగ్ వచ్చింది. సమాధులు ఊడ్చి, పోయినవాళ్ళకి తిండి పెట్టే రోజు. యూలాన్ బుట్టతో గేటు దగ్గరికొచ్చింది. వాచ్‌మన్ వరసకి మరిది.

"ఇన్‌స్పెక్షనుంది వదినా, రేపు రా."

"మీ అన్న ఆకలి రేపటిదాకా ఆగుతుందా? ఆ మొహమేదో నువ్వే చూపించు. నా మొహానికి ఎలాగూ విలువ లేదు."

"అగరొత్తులూ కాగితాలూ అంటూ నిప్పు మాత్రం ముట్టించకు తల్లీ, మిషన్లు కూతపెడతాయి!"

మొగుడికిష్టమని సంతలో కొన్న టమాటాలు, కీరదోసకాయలు సమాధి మట్టిదిబ్బ నిండా పేర్చింది. ఆనవాయితీ ప్రకారం దిబ్బ నెత్తిన పసుపు కాగితం పెట్టి, మట్టిబెడ్డతో అదిమింది. దణ్ణం పెట్టి లేచేసరికి ఎదురుగా జిల్లా ఆఫీసరు, పక్కన మేనేజర్ గెంగ్, వెనక ఫోటోగ్రాఫర్.

"ఏమిటిది?" అన్నాడు ఆఫీసరు.

గెంగ్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. నోట్లో మాట మాత్రం ఉంది. "మట్టిదిబ్బ సాగు సార్! కొత్త పద్ధతి. ఆ పసుపు కాగితం పురుగుల్ని పట్టడానికి."

ఆఫీసరు ఒక టమాటా తీసి కొరికాడు. "అబ్బ, ఏం రుచి! నేలకి ఏం వేశారమ్మా?"

"మా ఆయన్ని," అంది యూలాన్.

"చూశారా!" అని చప్పట్లు కొట్టాడాయన. "మొగుణ్ణి మొత్తంగా నేలకే ఇచ్చేసింది! రైతు కుటుంబమంటే ఇదీ!"

వారం తిరక్కుండా సబ్సిడీ రెండో విడత వచ్చింది. దిబ్బని ఎవరూ ముట్టుకోకూడదని ఆర్డరూ వచ్చింది. యూలాన్ మొగుడిప్పుడు ఆదర్శ క్షేత్రం! ఇన్‌స్పెక్షన్ అన్నప్పుడల్లా టమాటాలు పేర్చడానికి ఆవిడ మొహాన్ని కూడా గేటుకి పరిచయం చేశారు.

ఇంకో కబురు కూడా దిగింది. పద్ధతి బాగుంది కాబట్టి వచ్చే ఏడాదికి గ్లాస్‌హౌస్ నిండా ఇలాంటి దిబ్బలే ఉండాలట. అప్పట్నుంచీ గెంగ్ పొద్దున్నే ఊళ్ళోకొచ్చి, గోడవారన ఎండ కాగే ముసలాళ్ళని తెగ ఆప్యాయంగా పలకరిస్తున్నాడు.

"ఒంట్లో ఎలా ఉంది తాతా? దగ్గేమన్నా వస్తోందా?"

ఎన్నాళ్ళకెన్నాళ్ళకి రైతుని తన సొంత పొలంలోకి రానిచ్చే పథకం వచ్చిందండీ! కాకపోతే పడుకుని వెళ్ళాలి, అంతేగా!