మొగిలివంకకు జలహారతి

"మన సమితి అడవిలో ఇకమీదట గడ్డిపోచ కూడా పర్మిషన్ లేకుండా మొలవదు!" అని వన వికాస సమితి చైర్మన్ జయరామప్ప పెనుకొండ ప్రెస్‌మీట్‌లో ప్రకటించాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అంజనప్ప. చైర్మన్‌గారి చెప్పులు ఏ గడప ముందున్నాయో చైర్మన్‌గారికన్నా బాగా తెలిసిన కార్యకర్త. రేపోమాపో డైరెక్టర్ పోస్టు రావాల్సిన మనిషి.

అన్నట్టే కొండవాలు నీలగిరి తోటలన్నిటికీ గడ్డిమందు కొట్టించారు. మర్నాడు వాన దంచింది. ఆ గడ్డిమందంతా కొండ కింది మొగిలివంక వాగులోకి దిగింది. చేపలు తెల్లగా తేలితే, "మత్స్యసంపద పైకొచ్చింది" అని చైర్మన్ సంతోషించాడు.

సోమక్కకు మాత్రం ఈ ప్రగతి అంతు పట్టలేదు. ఆమెకున్న ఆస్తల్లా గొర్రెల మంద. ఆ మందకున్న నీళ్లల్లా ఆ వంక. నేరుగా చైర్మన్ దగ్గరికే పోయింది.

"సారూ, రెండు గొర్రెలు నురగ కక్కి సచ్చినాయి. మిగిలినవాటిని యాడికి తోలుకపోయేది? ట్యాంకరన్నా పంపీండి."

"ట్యాంకరెందుకమ్మా, బంగారమట్లా నీళ్లుంటే! జలహారతి ఇచ్చి, అందరి ముందరా నేనే తీర్థం తాగుతా. అప్పుడు నమ్ముతావా?"

"మీరు తాగితే నా గొర్రెలూ తాగుతాయిలే సారూ."

ఏర్పాట్లన్నీ అంజనప్పవే. గంగమ్మకు ధర్మవరం పట్టుచీర, బ్యాండు మేళం, టీవీవాళ్లు. తీర్థం చెంబులో మాత్రం హిందూపురం క్యాన్ వాటర్ పోయించాడు. ఈ సంగతి చైర్మన్‌కు కూడా చెప్పలేదు. పెద్దవాళ్ల నమ్మకాన్ని చెడగొట్టడం అతని స్వభావం కాదు.

చీర వంకలో వదిలారు. హారతి ఇచ్చారు. చైర్మన్ తీర్థం తాగి మూతి తుడుచుకున్నాడు. "అబ్బా, ఏం తీపప్పా!"

సోమక్క చేతులెత్తి మొక్కింది. సారే తాగినాక ఇంకా అనుమానమేమిటి? మందను గట్టు దింపింది. దప్పికగొన్న గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్లవైపు పోయాయి. అది చూసి అంజనప్ప నోరు తెరవబోయాడు. డైరెక్టర్ పోస్టు గుర్తొచ్చి మూసేసుకున్నాడు.

చప్పట్లకు చైర్మన్‌కు ఊపొచ్చింది. "చెంబెందుకప్పా! గంగమ్మ తల్లి నీళ్లు చేత్తోనే తాగుతా!" అంటూ పంచె ఎగ్గట్టి వంకలో దిగి, దోసిలి నింపి నోటిదాకా తెచ్చాడు.

"తాగొద్దన్నా! విషం! పారబొయ్యన్నా!"

అంజనప్ప అరుపుకు బ్యాండు ఆగిపోయింది. చైర్మన్ దోసిలి విడిపోయింది. కెమెరాలన్నీ అంజనప్ప వైపు తిరిగాయి.

సోమక్క ఒక్క ఉరుకున పోయి, ముందున్న పొట్టేలు మూతి నీళ్లకు ఆనకముందే మందను మళ్లించింది. రొప్పుతూ అంజనప్ప దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా అంజనప్పా, నా గొర్రెలు దిగుతాంటే నీ గొంతు యాడికి పోయినాది?"