మందులమ్మ వెనక ఫైరింజను

ఆ శనివారం పొద్దున జోఫ్కా చేయవలసిన పని ఒక్కటే: రెండు లీటర్ల పెట్రోలులో నలభై మిల్లీలీటర్ల నూనె కలిపి ఉంచడం. తొమ్మిదిన్నరకి కొడుకు టీలెన్ ట్రైలరు తెచ్చి బండిని ఎక్కించుకుపోతాడు. పదింటికి ఊరి చివర మట్టి ట్రాకు మీద పిల్లలకు మొదటి పాఠాలు. ఆవిడ వంతు పని పది నిమిషాలు కూడా పట్టదు.

బండి అంటే పెద్దదేమీ కాదు. సీటు జోఫ్కా మోకాలికి కాస్త పైకి వస్తుంది. పసుప్పచ్చ రేకులు, మట్టిని పట్టుకునే గట్ల టైర్లు, చిన్న టూ స్ట్రోక్ ఇంజను. గేర్లు లేవు, క్లచ్చు లేదు. ఏడేళ్ల కూతురు జివా కోసం టీలెన్ పాతది చూసి కొన్నాడు. వారం రోజులుగా అది జోఫ్కా ఇంటి షెడ్డులోనే ఉంది. జివా రోజూ బడినుంచి నేరుగా వచ్చి, దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, సీటు మీద ఒక వేలు ఆనించి, ఇంటికి పోయేది. ఎక్కమంటే ఎక్కదు. ఎందుకో చెప్పదు.

కోడలు తదేయాకి ఈ బండి వ్యవహారమే నచ్చలేదు. "ఇవాళ ఒక్కరోజు చూస్తాను. పిల్ల ఎక్కకపోయినా, ఎక్కి దెబ్బ తగిలించుకున్నా, సాయంత్రానికి ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడికి పోవాలి" అని మొగుడికి ముందే చెప్పేసింది. జివా కాలికి సరిపడే బూట్లు క్లబ్బులో వెతుకుదామని ముగ్గురూ పొద్దున్నే ట్రాకుకి బయల్దేరారు. దారిలో జోఫ్కా ఇంటి ముందు కారాపి టీలెన్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అమ్మా, లీటరుకి ఇరవై. చూసి కలుపు."

"ముప్పై నాలుగేళ్లు మందులిచ్చిన దానికా కొలతలు చెప్తున్నావు? సరే గానీ, ఇంజనుకి నూనె విడిగా పొయ్యొచ్చుగా. పెట్రోల్లో ఎందుకు?"

"టూ స్ట్రోకమ్మా ఇది. నూనె పెట్రోలుతోపాటే లోపలికెళ్లి దాంతోపాటే కాలుతుంది. అందుకే కాస్త పొగొస్తుంది."

"ఎంత పొగ? ఏ రంగు?"

"కలిపిపెట్టు చాలు. మిగతా ఏదీ ముట్టుకోకు."

కారు వెళ్లిపోయింది. ముట్టుకోవద్దన్న మాట జోఫ్కాకి చెప్పకూడనిది. తమ ఊరు లిప్నిత్సాలో మందుల దుకాణం నడిపినన్నాళ్లూ ఆవిడ ప్రతి మందు డబ్బాలోని కాగితాన్నీ చివరి అక్షరందాకా చదివింది. ఏ మాత్ర ఎందుకు చేదో, ఏ సిరప్పు ఎందుకు చిక్కనో తెలుసుకోకుండా ఎవరి చేతిలోనూ పెట్టలేదు. దుకాణం వదిలి రెండేళ్లయినా ఊరంతా ఆవిణ్ణి ఇప్పటికీ మందులమ్మ అనే పిలుస్తుంది. అలాంటి మనిషికి కాగితమే లేని వస్తువు దొరికింది. బండి పాతది కాబట్టి దాంతో పుస్తకమేదీ రాలేదు.

నూనె చుక్క మీద పడకుండా పాత తెల్లకోటు వేసుకుంది. సిరంజితో ఇరవై, మళ్లీ ఇరవై తీసి పెట్రోలు డబ్బాలో పోసి, మూత బిగించి పదిసార్లు తలకిందులు చేసింది. గడియారం చూస్తే ఎనిమిది దాటి ఇరవై నిమిషాలు. ఇంకా గంటకు పైగా ఉంది. కలిపిన మందు పనిచేస్తుందో లేదో తెలియకుండా అప్పగించడం పద్ధతి కాదనిపించింది. ట్యాంకులో పోసింది. పక్కనున్న కిక్కును కాలితో తొక్కింది. మూడో తొక్కుకి బండి లేచింది.

ఆ శబ్దం వింటే డబ్బాలో పడ్డ కందిరీగ గుర్తొస్తుంది. పొగ నీలంగా, తియ్యటి వాసనతో వచ్చింది. జోఫ్కాకి ముచ్చటేసింది. తలుపు సగం మూసి ఉందన్న సంగతి మరిచిపోయి, ఇంజను వేడెక్కే కొద్దీ పొగ పలచబడుతుందా చిక్కబడుతుందా అని నిలబడి చూసింది. అయిదు నిమిషాల తర్వాత తేలిందేమంటే, ఎదురుగా ఉన్న గోడ కనబడటం లేదు.

పక్కింటి లోయ్‌జె అప్పుడే చిక్కుడు పాదులకు కర్రలు నాటుతున్నాడు. ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళానికి పద్దెనిమిదేళ్లుగా ఆయనే నాయకుడు. మందులమ్మ షెడ్డు తలుపు కిందనుంచి నీలంగా పొగ పాకుతుంటే చూసి, కర్రలు అక్కడే పారేసి, ఎదురుగా ఉన్న దళం గ్యారేజీకి పరుగెత్తి సైరను మీట నొక్కాడు. నిమిషాల్లో ఆరుగురు దుకాణాల్లోంచీ పొలాల్లోంచీ వచ్చి ఫైరింజను ఎక్కారు.

లోపల జోఫ్కా దగ్గుతూ, బండిని బయటికి తోయాలని నిర్ణయించుకుంది. వంగి తోస్తే నడుం పట్టేస్తుందని సీటు మీద కూర్చుంది, రెండు కాళ్లతో నేలను తన్నుకుంటూ జరుపుదామని. పట్టు జారకుండా హ్యాండిలు గట్టిగా పట్టుకుంది. కుడిచేతి పిడి మెలి తిరిగింది. బండి ఆవిడ కాళ్ల కోసం ఆగలేదు.

అప్పుడే గ్యారేజీలోంచి బయటికొచ్చిన ఫైరింజను ముందు, పొగలోంచి తెల్లకోటు మనిషి పిల్లల బండి మీద దూసుకొచ్చి రోడ్డెక్కింది. దూసుకొచ్చిందన్న మాట మర్యాదకి అన్నది. మొదటిసారి ఎక్కే పిల్లల కోసం ఆ బండికి వేగం మించకుండా ఒక మర బిగించి ఉంది. ఎంత మెలితిప్పినా అది పరుగెత్తే మనిషి వేగమే.

జోఫ్కాకి సైకిలు తొక్కడం బాగా వచ్చు. ఆవిడ సైకిలుకి పెడలు వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. ఆ అలవాటుకొద్దీ కుడికాలితో వెనక్కి తన్నింది. అక్కడ పెడలు లేదు. ఎడమకాలితో తన్నింది. అక్కడా లేదు. భయం పెరిగే కొద్దీ చేతులు బిగుసుకున్నాయి, చేతులు బిగిసే కొద్దీ పిడి ఇంకాస్త తిరిగింది. తల వెనక్కి తిప్పి గట్టిగా అరిచింది: "ఆపండి! ఆపండి!"

సైరను హోరులో లోయ్‌జె చెవికి చివరి ముక్కే అందింది. షెడ్డులో మంట కనబడలేదు, పొగ ఆవిడతోపాటే రోడ్డెక్కింది.

"రండి రండి అంటోంది! మంటెక్కడో ఆవిడకి తెలుసు. వెంటే పోనియ్యి!" అన్నాడు డ్రైవరుతో.

"దాటి ముందుకెళ్లనా?"

"దారి చూపించే మనిషిని దాటేసి ఎక్కడికెళ్తావురా?"

అలా లిప్నిత్సా చరిత్రలో మొదటిసారి ఫైరింజను మనిషి పరుగు వేగంతో, సైరను మోగిస్తూ, ఊరి నడిబొడ్డునుంచి సాగింది. ముందు తెల్లకోటు రెపరెపలాడిస్తూ, గాలిలోకి కాళ్లు విసురుతూ మందులమ్మ. ఫైరింజను తనని పక్కకి తప్పుకోమని అరుస్తోందని ఆవిడ అనుకుంది. పక్కకి ఎలా తప్పుకోవాలో తెలియక, పోనీ త్వరగా పోదామని ఇంకా మెలితిప్పింది. మర ఒప్పుకోలేదు.

రొట్టెల దుకాణంలో వరసలో నిలబడ్డవాళ్లంతా బయటికొచ్చారు.

"ఏమైందట?"

"మందుల దుకాణం అంటుకున్నట్టుంది."

"అంటుకోలేదు, అదిగో అక్కడే ఉందిగా. కోటేసుకుని పోతోందంటే మనుషులకే ఏదో అయ్యుంటుంది."

"ఆ దారి ట్రాకుకి కదూ పోయేది? ఇవాళ అక్కడ పిల్లలున్నారు!"

ఈ చివరి మాట అన్నదెవరో తర్వాత ఎవరూ ఒప్పుకోలేదు. కానీ అది విన్న ప్రతి ఇంటివాళ్లూ పిల్లల్ని కూడా కార్లో కుక్కుకుని బయల్దేరారు. ఫైరింజను వెనక ఏడు కార్లు, రెండు ట్రాక్టర్లు, ఓ డజను సైకిళ్లు వరస కట్టాయి. దాటడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. రొట్టెల దుకాణం ఆవిడ, ఎందుకైనా మంచిదని, వేడి రొట్టెల బుట్టతోసహా ట్రాక్టరెక్కింది.

ట్రాకు దగ్గర శిక్షకుడు బ్రానె దిగాలుగా ఉన్నాడు. మంచి రోజుల్లో ఎన్నో పోటీల్లో బండి నడిపినవాడు, ఇప్పుడు ఎడమ మోకాలు వంగదు. "ఎనిమిదిమందైనా రాకపోతే పిల్లల పాఠాలు ఈ ఏడాదితో ఆపేస్తామంది కమిటీ. ఇద్దరే పేర్లిచ్చారు. మీ అమ్మాయి ఎక్కితే ముగ్గురు" అని టీలెన్‌తో అంటుండగా సైరను వినబడింది. జివా బూట్ల పట్టీలు పెట్టించుకుంటూ తలెత్తింది.

"నాన్నా, అది నా బండి."

"నీ బండి షెడ్డులో ఉంది, అమ్మలూ."

"మరి దాని మీద మామ్మ ఎందుకుంది?"

జోఫ్కా గేటులోంచి లోపలికి వచ్చి, పిల్లల కోసం పోసిన చిన్న మట్టిదిబ్బ ఎక్కి, దిగింది. మధ్యలో రెండు చక్రాలూ నేలనుంచి లేచాయని కొందరూ, లేచింది జోఫ్కా ఒక్కతేనని కొందరూ అంటారు. ఆపైన మలుపు దగ్గర పేర్చిన గడ్డిమోపుల్లో దూరింది. చేతులు పిడిని వదిలేశాయి. ఇంజను రెండుసార్లు టక్కుమని ఆగిపోయింది.

తదేయా అందరికంటే ముందు పరుగెత్తింది. "అత్తయ్యా! కదలకండి! ఎక్కడ తగిలింది?"

"మోచెయ్యి గీసుకుంది, అంతే. తదేయా, ఈ బండికి బ్రేకెక్కడుందో ఎవరైనా చెబుతారా? దారి పొడుగునా వెతికాను."

లోయ్‌జె గొట్టం భుజానేసుకుని ఒగురుస్తూ వచ్చాడు. "మందులమ్మ గారూ, మంటెక్కడ?"

"ఏ మంట?"

"రండి రండి అని పిలిచారు కదండీ!"

"ఆపండి అన్నాను, లోయ్‌జె. మీరేమో తప్పుకోమని వెనకే తరుముకొచ్చారు."

లోయ్‌జె ఆవిణ్ణి, బండిని, గేటు దగ్గర దిగుతున్న సగం ఊరిని చూశాడు. మెల్లగా హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. తన దళంలోని ఆరుగురి ముందు చెవులు ఎర్రబడ్డాయి. బ్రానె కుంటుకుంటూ వచ్చి ఆయన్ని ఆదుకున్నాడు. "ట్యాంకులో నీళ్లున్నాయా? ట్రాకు దుమ్ము లేస్తోంది, పిల్లల కళ్లల్లో పడుతుంది. తడిపి పెడతారా?" అగ్నిమాపక దళానికి ప్రాణం లేచొచ్చింది. గొట్టాలు విప్పడానికి కనీసం ఒక కారణం దొరికింది.

తదేయా లేచి నిలబడి టీలెన్ వైపు తిరిగింది. గొంతు నెమ్మదిగానే ఉంది, టీలెన్‌కి అదే భయం. "దెబ్బ తగిలితే ఏమన్నాను?"

"తగలాల్సింది నాకు కదమ్మా?" అంది జివా. "మామ్మకి తగిలితే లెక్కలోకి రాదు."

జివా గడ్డిమోపుల మధ్యకి వెళ్లి జోఫ్కా పక్కన గొంతుక్కూర్చుంది. వారం రోజులుగా నోరు విప్పని పిల్ల ఇప్పుడు ఒకదాని వెంట ఒకటి అడగసాగింది. "పడ్డప్పుడు బండి నీ మీద పడిందా? పడ్డాక కూడా చక్రం తిరుగుతూనే ఉందా? ఎంతసేపు?"

"పడలేదు. చెయ్యి తీయగానే ఆగిపోయింది. ఎందుకే?"

"అదెక్కితే ఇక ఆగదేమోనని..." జివా గొంతు తగ్గించింది. "నాన్నని అడిగితే భయమా అంటాడు. అందుకే అడగలేదు."

జోఫ్కాకి నవ్వాలనిపించింది గానీ నవ్వలేదు. ఊళ్లో సగంమంది కళ్ల ముందు తను పడ్డ పాట్లు పిల్లకి ఒక జవాబుగా పనికొచ్చాయి. "ఆగుతుందే. నేనే ఆపానంటే అది ఎవరికైనా ఆగుతుంది. కాకపోతే బ్రేకు కాలికి దొరకదు. ఎక్కడుందో నువ్వే కనుక్కోవాలి."

"చేతి దగ్గరే మామ్మా. రెండూ చేతి దగ్గరే. రోజూ చూస్తున్నాగా."

బ్రానె బండిని లేపి తుడిచి పట్టుకున్నాడు. జివా హెల్మెట్ పెట్టుకుని ఎక్కింది. పది అడుగులు పోయి బ్రేకు నొక్కింది. ఆగింది. ఇంకో పది అడుగులు, మళ్లీ ఆగింది. అలా ఆగుతూ ఆగుతూనే మొదటి చుట్టు మొత్తం పూర్తిచేసింది. ఇంత జాగ్రత్తగా ఆ ట్రాకు మీద ఎవరూ బండి నడపలేదని బ్రానె తర్వాత చెప్పాడు. తదేయా ఊపిరి బిగపట్టి చూసి, చుట్టు పూర్తయ్యాక మొగుడి చెయ్యి వదిలింది. అది అప్పటికి ఎర్రగా కందిపోయి ఉంది.

ఈలోగా మంట కోసం వచ్చిన పిల్లలకి కూడా ఎక్కాలనిపించింది. తల్లిదండ్రులకి వెనక్కి పోవాలనిపించలేదు, రొట్టెల బుట్ట అక్కడే ఉంది. మధ్యాహ్నానికి బ్రానె పట్టీలో పదకొండు పేర్లు పడ్డాయి.

తదేయా కూతుర్ని పిలిచి గంభీరంగా చెప్పింది. "బండి ఉంచుకుందాం. కానీ ఒక్కటే మాట. మామ్మ దీన్ని మళ్లీ ముట్టుకోవాలంటే నీ అనుమతి ఉండాలి."

జోఫ్కా మొహమాటపడలేదు. మోచేతికి కట్టుకట్టించుకుంటూనే అర్జీ పెట్టుకుంది. జివా మాత్రం ముందు అందరిలాగే పాఠాలు నేర్చుకుని రమ్మంది.

బ్రానె పన్నెండో పేరు రాసుకుని, వయసు అడగాల్సిన చోట పెన్ను ఆపాడు.